తెరచాప నావయు శాశ్వత బంధకమును

తెరచాప నావను తీరమున నిలిచి చూచువారికి అది ఏకఖండముగ పోతపోసిన వస్తువు వలె తోచును గాని, డెక్కు మీది కెక్కి కొంచెము పరికించినచో, పది మీటర్ల పొడవుగల సామాన్యమైన విహారనౌకకు సైతము వందలకొలది రంధ్రములు తొలిచి యుండుటయు, ఒక్కొక్క రంధ్రము గుండ ఒక్కొక్క బోల్టు దిగి లోపల నట్టుతో బిగింపబడి యుండుటయు కానవచ్చును. త్రాళ్ళను బిగించు వించీలు, అంచుల వెంబడి నిలిచిన ఉక్కు కంబములు, తెరచాప స్తంభమును ఇరుప్రక్కల నుండి పట్టి నిలుపు తీగలకు ఆధారమైన చైన్‌ప్లేట్లు, కిటికీలు, గాలిగొట్టములు, లంగరు గిలక, ఇవి యన్నియు నావ దేహము అచ్చులోనుండి వెలువడిన పిమ్మట దానికి తగిలింపబడినవే. బోల్టు ఎంత బిగువుగ నున్నను, లోహము ఎంత నున్నగ నున్నను వాని నడుమ నీటికి దారి దొరకక పోదు. ఆ దారిని మూసి యుంచునది లోహమునకును దేహమునకును మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున పరచిన రబ్బరు జాతి పదార్థము. దానినే నావికులు సీలెంటు అందురు. ఈ పదార్థములలో ఏది ఎచ్చట వాడదగును, ముఖ్యముగా శాశ్వతము అను బిరుదుతో అంగళ్ళలో అమ్ముడుపోవు అంటుజిగురును ఏ సంధికి వాడవచ్చును, ఏ సంధికి వాడరాదు అను ప్రశ్న తన నావను తానే మరమ్మతు చేసికొను ప్రతివానికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురగును.

నావ కదలుట యనగా నీటిపై ముందుకు సాగుట మాత్రమే కాదు. గాలి ప్రక్కనుండి తాకినప్పుడు ఆ వైపు తీగలు టన్నులకొలది బరువుతో బిగిసి, ఎదుటి వైపు తీగలు సడలిపోవును. దిశ మార్చినంతనే ఈ బిగువు అటునుండి ఇటు మారును. ఆ లాగుడునకు డెక్కు కొంచెము పైకి లేచును, దేహము కొంచెము మెలిపడును, అల మీదనుండి అలలోనికి దిగునప్పుడు ముందుభాగము అదరును. పైగా మధ్యాహ్నపుటెండలో కాగిన డెక్కు మీద సముద్రజలము పడినప్పుడు ఒక్కసారిగ చల్లబడి ముడుచుకొనును. ఇవి యన్నియు మిల్లీమీటరులో భాగములుగ లెక్కింపవలసిన కదలికలే యైనను లక్షలసార్లు జరుగును.

ఐ.ఎన్.ఎస్.వి. తారిణి ప్రయాణమును తలచుకొన్నచో ఈ సంగతి మనస్సునకు పట్టును. గోవాలో నిర్మింపబడిన ఈ పదునేడు మీటర్ల నౌకాదళపు నావ 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి బయలుదేరి, 2018 మే 21వ తేదీన తిరిగి అచ్చటికే చేరునప్పటికి సుమారు 21,600 నాటికల్ మైళ్ళు పయనించి భూగోళమును చుట్టివచ్చినది. వర్తికా జోషి నాయకత్వమున నడచిన ఆ ఆరుగురు స్త్రీలలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్యా బొడ్డపాటియు ఉండుట తెలుగువారికి గర్వకారణము. కొయ్యను నడుమ నిడి ఇరువైపుల ఫైబర్‌గ్లాస్ పొరలు తొడిగిన అట్టి దేహము దక్షిణ మహాసముద్రములో నెలల తరబడి మెలిపడుచు లేచుచు పడుచు నుండగా, దాని సంధులలోని పదార్థము కూడ ప్రతిక్షణము సాగుచు ముడుచుకొనుచు ఉండవలసినదే. కదలికను ఓర్చుకొనుటయే సీలెంటునకు మొదటి ధర్మము. బలము ఆ తరువాతిది.

ఈ మర్మమును మన తీరమువారు రసాయనశాస్త్రము పుట్టకమునుపే ఎరిగియుండిరి. మచిలీపట్టణము మొదలుకొని మద్రాసు వరకు, నౌకాశ్రయములు లేని కాలమున, ఓడలనుండి మనుష్యులను సరకులను ఒడ్డునకు చేర్చిన మసులా పడవలలో మేకన్నది లేదు. ఫలకముల అంచుల వెంబడి రంధ్రములు చేసి, సంధి మీద పీచు వత్తులను పరచి, కొబ్బరినార త్రాటితో కుట్టుదురు. అట్టి పడవ కెరటము మీదనుండి ఇసుకపై పడినప్పుడు వంగి ఊరుకొనును గాని పగులదు. మేకులు కొట్టిన ఐరోపావారి పడవలు అదే కెరటములలో చీలిపోయెడివి. మసులా పడవలోనికి నీరు ఊరుట నిజమే. దానిని తోడిపోయుట పడవవారి నిత్యకృత్యము. కొంత ఊట నంగీకరించి పగులుటను తప్పించుకొన్న ఆ నిర్మాణజ్ఞానము నాకు ఎంతయు గౌరవనీయముగ తోచును.

కోరంగి, తాళ్ళరేవు వంటి చోట్ల మేకులతో కట్టిన పెద్ద కొయ్య ఓడలది వేరొక పద్ధతి. ఫలకముల నడుమ సందులలో నార లేక ప్రత్తి వత్తులను ఉలితో దట్టించి, పైన గుగ్గిలమును నూనెతో కాచి పూయుదురు. ఇచ్చట అసలు పని చేయునది కొయ్యయే. నీరు త్రాగిన ఫలకము ఉబ్బి వత్తిని నొక్కును, ఆ నొక్కుడుచేత సందు మూసికొనిపోవును. ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున ఫైబర్‌గ్లాస్ వచ్చి ఈ యుక్తిని అంతమొందించినది. గాజుపీచును రెసినుతో కలిపి చేసిన దేహము నీటికి చెప్పుకొనదగినంత ఉబ్బదు, కావున తనంతట తాను ఏ సందును మూయదు. సందున నుండు పదార్థమే ఇరువైపుల పట్టుకొని, సాగి, ముడుచుకొని, ఎండకు ఉప్పునకు ఓర్చి నిలువవలసి వచ్చినది.

ఆ యవసరమునకు తొలుత ఉపకరించినది పాలీసల్ఫైడ్. అమెరికాలోని కాన్సాస్ సిటీ నగరమున 1920ల మధ్యకాలమున జోసెఫ్ పాట్రిక్, నేథన్ మ్నూకిన్ అనువారు మోటారు బండ్ల రేడియేటరులలో నీరు గడ్డకట్టకుండ చేయు ద్రవమును చవుకగ తయారుచేయ నెంచి, ఇథిలీన్ డైక్లోరైడును సోడియం పాలీసల్ఫైడుతో కలుపగా, వారికి కావలసిన ద్రవమునకు మారుగ దుర్గంధము వెదజల్లు రబ్బరు ముద్ద యొకటి లభించినది. ఆ ముద్ద ఏ ద్రావకమునకును కరగలేదు. పెట్రోలు దానిని ఏమియు చేయజాలకపోవుటచే విమానముల ఇంధనపు తొట్ల సందులకు అది పనికివచ్చినది. 1940ల చివరను రాకెట్టు ఘన ఇంధనములను పట్టియుంచు బంధకముగ కూడ అది మారినది. నావలకు టేకు డెక్కుల సందులలోని నల్లని పట్టీగ అది నేటికిని పరిచితమే. ఆరుటలో మిక్కిలి మందకొడి యైనను అది ఉప్పునీటికి వెరవదు, నీట మునిగియున్న చోటను గట్టిపడును, ఎండకు మెల్లగ మాత్రమే లొంగును. అన్నిటిని మించి, కావలసివచ్చినప్పుడు కత్తిమొనతో విడదీయుటకు వీలుగ నుండును.

పాలీయురిథేన్ చరిత్ర 1937లో జర్మనీదేశమునందలి లెవర్కూజెన్ నగరమున ఒట్టో బాయర్ చేసిన పరిశోధనతో ఆరంభమగును. నేడు శాశ్వతమని పేరొందిన సీలెంట్లలో అత్యధికము ఈ కుటుంబమునకు చెందినవే. నావికలోకమున త్రీఎమ్ 5200 అను అంకెయే ఈ జాతి కంతకు మారుపేరై పోయినది. గొట్టములో నున్నప్పుడు దాని యణువుల కొనలయందు ఐసోసయనేట్ అను చురుకైన పరమాణుగుచ్ఛము లుండును. గొట్టమునుండి వెలువడినంతనే అవి గాలిలోని తేమతో కలియును. అప్పుడు కొంత కర్బన ద్వ్యామ్ల వాయువు వెలువడి, మిగిలిన భాగము ఎమీన్‌గ మారి, అది మరియొక యణువు కొనను పట్టుకొనును. ఇట్లు అణువునకు అణువు ముడిపడి వలగ ఏర్పడి, ద్రవము రబ్బరగును.

ఈ క్రియను కొంచెము శ్రద్ధగ గమనింపవలెను. ఏలన, నావికులు చేయు పొరపాట్లలో పెక్కింటికి మూలము ఇచ్చటనే యున్నది. గట్టిపడుటకు వలసిన నీరు గాలినుండియే రావలెను గనుక మొదట పైన పాలమీది మీగడ వలె పొర కట్టును; ఆపైన తేమ ఆ పొరను దాటియే లోనికి పోవలెను. పొర మందమైన కొలది దారి దూరమగును. మందము రెట్టింపైనచో గట్టిపడుటకు పట్టు కాలము సుమారు నాలుగింతలగును. పైన తాకిచూచి ఆరినదని తలచుట వలన మోసపోవుదురు. పైన చెప్పిన జిగురు సాధారణ పరిస్థితులలో చేతికి అంటకుండుటకు రెండు దినములు, నిండుగ గట్టిపడుటకు ఐదు మొదలు ఏడు దినములు పట్టును. వెడల్పైన లోహఫలకమును ఫైబర్‌గ్లాస్ మీద అంటించినప్పుడు ఇరువైపుల పదార్థములును తేమను పోనీయవు గనుక, అంచులనుండి మాత్రమే అది లోనికి చేరవలెను. అట్టి సంధి నడిభాగము వారములు గడచినను మెత్తగనే ఉండవచ్చును. మన కోస్తాతీరపు వానకాలమున గాలి తేమతో బరువెక్కి యుండుటచే ఈ క్రియ వేగముగ సాగును. పొడిగాలి వీచు చోట్లను, చలిదేశపు పొడి శీతకాలమునను మిక్కిలి నెమ్మదించును. అట్లని తడి ఉపరితలము మీద పూయుట తగదు. నీరు మితిమీరినచో వాయువు ఒక్కసారిగ వెలువడి లోపల బుడగలు కట్టును, ఆ బుడగల గుండ తరువాత నీరే దారి చేసికొనును.

మరియొక సూక్ష్మము కలదు. చాలమంది అంటింపబోవు చోటును స్పిరిటుతో తుడుతురు. ఐసోసయనేటు నీటితో ఎట్లు కలియునో ఆల్కహాలుతోను అట్లే కలియును. అట్లు కలిసిన అణువు కొన మూసికొనిపోయి, మరియొక అణువును పట్టుకొనజాలదు. తుడిచిన స్పిరిటు పూర్తిగ ఆవిరి కాకమునుపే జిగురు పూసినచో, అంటుకొనవలసిన ఆ పలుచని పొరయే ఎన్నడును గట్టిపడక జిడ్డుగ మిగిలిపోవును. పైనుండి చూచుటకు సంధి చక్కగనే యుండును, లోపల పట్టు ఉండదు.

తక్కిన జాతులను గూర్చి కొంచెములో చెప్పవచ్చును. సిలికోన్ ఎండకు మిక్కిలి ఓర్చునది, సాగుటలో సాటిలేనిది. కాని దానినుండి వెలువడు నూనె అంటిన చోట మరి రంగు గాని, వేరొక సీలెంటు గాని, తుదకు మరల పూసిన సిలికోన్ గాని సరిగ పట్టదు. ఆరునప్పుడు సిర్కా వాసన వేయు రకము ఎసిటిక్ ఆమ్లమును విడుచును గనుక లోహములకు అది తగదు. కిటికీల అద్దములకు వాసన లేని రకము ఉత్తమమని నా అభిప్రాయము. ఇతరత్ర దానిని నావమీదికి రానీయకుండుటయే మేలు. జపానులో కనేకా సంస్థ 1970ల చివర వెలువరించిన ఎం.ఎస్. పాలిమరు జాతి ఐసోసయనేటు లేకయే తేమతో గట్టిపడుచు, బలమునందు మధ్యరకముగ నుండి, ఎండకు పాలీయురిథేన్ కంటె మేలుగ ఓర్చుచున్నది.

బ్యూటైల్ టేపును మాత్రము ఇంత తేలికగ దాటిపోరాదు. ఇది ఆరదు, గట్టిపడదు. సైకిలు ట్యూబులలో గాలిని నిలుపు రబ్బరు జాతికే చెందిన ఈ బూడిదరంగు ముద్ద దశాబ్దముల తరబడి జిగటగనే యుండి, కదలిన దిక్కునకెల్ల తానును జరుగుచు, ఎన్నిమారులు విప్పినను మరల అంటుకొనును. నీటిమట్టము క్రింద ఇది పనికిరాదు, పెట్రోలు డీజిలు తగులు చోట్ల కరగిపోవును, అంటుబలము దాదాపు శూన్యము. అయినను డెక్కు మీద బోల్టులతో బిగించు సామగ్రిలో అధికభాగమునకు దీనిని మించినది లేదని అనేకులు నమ్ముదురు. ఆ నమ్మకము సరియైనదే యని నా ఉద్దేశము.

బలము తక్కువైన పదార్థము మేలనుట మొదట వింతగ తోచును గాని, బలము నిజముగ ఎచ్చటనుండి వచ్చుచున్నదో లెక్కచూచినచో సందేహము తీరును. డెక్కు అంచున నిలుచు ఉక్కు కంబము అరవై సెంటీమీటర్ల ఎత్తుండును. నావ ఒరిగినప్పుడు మనిషి దాని కొనను ఏబది కిలోల బరువుతో నెట్టెననుకొందము. కంబపు పీఠమునందు బోల్టుల నడుమ దూరము ఆరు సెంటీమీటర్లే యైనచో, మీటతత్త్వముచేత ఒక వైపు బోల్టులను పైకి లాగు బలము అందుకు పదిరెట్లై ఐదువందల కిలోలగును. దీనిని భరించునవి బోల్టులును, డెక్కు అడుగున బరువును నలుదిక్కుల పంచు లోహపు పలకయును. సీలెంటు చేయవలసినది నీటి నాపుట యొక్కటే. ఆ పనికి చదరపు సెంటీమీటరునకు ఏబది కిలోల పాటి లాగుడునకు గాని తెగని జిగురును పూసినవానికి అదనపు లాభ మేమియు లేదు. పది పదునైదేండ్లకు ఆ కంబము వంగిపోయినప్పుడో, దాని క్రింది బోల్టు తుప్పుపట్టినప్పుడో విప్పవలసివచ్చిన నాడు మాత్రము నష్టము కలదు. నావ దేహముపై మెరయు గెల్‌కోట్ పొరయు, దాని క్రింది గాజుపీచు పొరలును ఒకదానికొకటి అంటుకొన్న బలము కంటె ఈ జిగురు పట్టు అధికమై, పీఠముతోపాటు డెక్కు చర్మమే ఊడివచ్చుట పెక్కుచోట్ల జరిగినదే.

కావున సంధి ఎంత బలముగ నుండవలెను అని అడుగుటకు ముందు, ఈ సంధిని నేను గాని నా తరువాత ఈ నావను కొనువాడు గాని ఎన్నటికైన విప్పవలసివచ్చునా అని అడుగవలెను. విప్పనక్కరలేని సంధులు నావయందు కొన్ని లేకపోలేదు. దేహమును డెక్కును కలుపు చుట్టంచు అట్టిది. నావ జీవితకాలమంతయు అది ఏకముగనే ఉండవలెను, అలల మెలిత్రిప్పు అంతయు దాని మీదనే పడును, బోల్టులతోపాటు జిగురును బరువు మోయవలెను. అచ్చట పాలీయురిథేన్ వంటి శాశ్వత బంధకము సర్వవిధముల యోగ్యము. అడుగున వ్రేలాడు సీసపు కీల్‌ను దేహమునకు చేర్చు సంధియు సామాన్యముగ ఈ కోవలోనిదే. నీటిమట్టము క్రింద దేహమునకు రంధ్రము చేసి బిగించు కంచు గొట్టముల విషయమున నావికులలో ఏకాభిప్రాయము లేదు. ఆ గొట్టమునకు బిగించిన కవాటము ముప్పది యేండ్లకైన మార్చవలసినదే గనుక నేను అచ్చట పాలీసల్ఫైడునే ఎన్నుకొందును. విడదీయ వీలగుటచే అది దుర్బలము కాదు.

శాశ్వతమగు సంధియందు మరియొక కీడు దాగియుండును. అది లోపలి లోపమును కప్పిపుచ్చును. 2014 మే మాసమున ఆంటిగ్వానుండి సౌతాంప్టనుకు తిరిగివచ్చుచుండిన చీకీ రఫీకీ అను నావ అట్లాంటిక్ నడుమ కీల్ ఊడి బోర్లపడగా, అందలి నలుగురును మరణించిరి. బ్రిటిషు సముద్ర ప్రమాద పరిశోధన శాఖ విచారించి, అంతకుముందు పలుమారులు నేల తాకుటచేతను, తరువాత జరిగిన మరమ్మతులచేతను కీల్ తగిలించియుండిన చోటు బలహీనపడి యుండవచ్చునని చెప్పినది. ఆ నావలో దేహము లోపల బలమునకై అమర్చిన చట్రము జిగురుతో అంటింపబడినది. అచ్చటి జిగురు మనము చెప్పుకొనుచున్న రబ్బరు జాతిది కాదు, గట్టి నిర్మాణపు జిగురు. అయినను అంటింపబడిన రెండు పొరల నడుమ పట్టు విడిపోయినప్పుడు దానిని పైనుండి కనిపెట్టుట కష్టమని ఆ నివేదిక చేసిన హెచ్చరిక అన్ని శాశ్వత సంధులకును వర్తించును. బోల్టుతో బిగించి మెత్తని సీలెంటు పూసిన సంధిని విప్పి చూడవచ్చును. అంటించివేసిన దానిని కోసి తీయవలసినదే.

పదార్థము నెన్నుకొనుటతో పని ముగియదు. ఎంత మందమున పూయుదుమన్నది అంతకంటె ముఖ్యము, ఎక్కువమంది చెడగొట్టునది కూడ ఇదే. ఒక మీటరు పొడవుగల ఏక్రిలిక్ కిటికీని తీసికొందము. ఏక్రిలిక్ ఒక డిగ్రీ వేడికి మీటరునకు సుమారు 70 మైక్రోమీటర్లు పెరుగును. ఫైబర్‌గ్లాస్ అందులో మూడవ వంతు పాటి పెరుగును. తెల్లవారుజామునకును నడిమధ్యాహ్నమునకును నలుబది డిగ్రీల భేదమున్నచో ఏక్రిలిక్ 2.8 మిల్లీమీటర్లు సాగగా దేహము ఒక మిల్లీమీటరు మాత్రమే సాగును. మిగిలిన భేదము రెండు కొనలకు పంచుకొన్నను ఒక్కొక్క కొన దాదాపు ఒక మిల్లీమీటరు జారవలెను. సీలెంటు మందము మూడు మిల్లీమీటర్లైనచో ఈ జారుడు దానికి మూడవ వంతు మాత్రమే, రబ్బరుకు అది లెక్కలోనిది కాదు. స్క్రూలను బలముకొలది బిగించి సీలెంటునంతను బయటికి వెడలగొట్టి అర మిల్లీమీటరు మాత్రము మిగిల్చినచో, అదే జారుడు మందమునకు రెండింతలగును. ఏ జిగురైనను కొన్ని వేసవులలో చీలిపోవును. కావుననే తెలిసినవారు అద్దము క్రింద అక్కడక్కడ మూడు మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలను ఉంచి మందమును నిలుపుదురు. పాలీయురిథేన్ గాని పాలీసల్ఫైడ్ గాని ఈ ప్లాస్టిక్కులకు తగిలినచో సన్నని వెండ్రుకపగుళ్ళు పుట్టించును గనుక కిటికీలకు అవి రెండును నిషిద్ధములే.

టేకు డెక్కు పట్టీల నడుమ నల్లని సీలెంటు నింపునప్పుడును ఇట్టి సూక్ష్మమే యొకటి కలదు. రబ్బరు సాగినప్పుడు దాని ఘనపరిమాణము మారదు, పొడవు పెరిగినచో నడుము సన్నబడవలెను. గాడి ఇరుప్రక్కలను పట్టుకొన్న సీలెంటు, టేకు పట్టీలు ఎండకు కుంచించుకొని దూరమైనప్పుడు, నడుమ లోతుగ కుంగి సాగును. గాడి అడుగునకు కూడ అది అంటుకొని యున్నచో కుంగుటకు వీలులేక అంచుల వద్ద చిరుగును. అందుచేత గాడి అడుగున జిగురంటని సన్నని టేపును పరచి పైన సీలెంటు నింపుదురు. ఎక్కువ చోట్ల అంటించిన కొలది సంధి గట్టిపడునను మన సహజమైన ఊహకు ఇది పూర్తిగ విరుద్ధము.

ఇప్పుడొక కంబపు పీఠమును డెక్కునకు తగిలించు విధమును దగ్గరనుండి చూతము. పెక్కు నావల డెక్కులో గాజుపీచు పొరల నడుమ తేలికయైన బాల్సా కొయ్య యుండును. బోల్టు రంధ్రమునుండి ఊరిన నీరు బాల్సాను చేరినచో కొన్నేండ్లకు అది కుళ్ళి డెక్కు కాలిక్రింద మెత్తబడును. అందుకొఱకు మొదట బోల్టుకంటె పెద్ద రంధ్రము తొలిచి, అంచుల చుట్టు లోపలి బాల్సాను వంకరమేకుతో గీకి తీసి, అడుగున టేపుతో మూసి, చిక్కని ఎపాక్సీని నింపి, అది గట్టిపడిన పిదప నడిమిని బోల్టునకు సరిపడు రంధ్రమును మరల తొలువవలెను. ఇక నీరు ఊరినను కొయ్యను అంటదు. తరువాత ఆ రంధ్రపు పై అంచును కొంచెము గిన్నెపాటి వాలుగ చెక్కవలెను. ఈ చిన్న పనిని నేను అన్నిటికంటె మిన్నగ ఎంచుదును. పీఠమును క్రిందికి నొక్కినప్పుడు సీలెంటు ఆ వాలులో చేరి బోల్టు మెడచుట్టు మందమైన రబ్బరు వలయముగ నిలుచును, అన్యథా అంతయు ప్రక్కలకు పిండబడి పోవును.

పీఠము చుట్టు డెక్కు మీద మాస్కింగ్ టేపు అంటించి, పాత సీలెంటును పూర్తిగ గీకి, జిడ్డును అసిటోనుతో తీసి, అది ఆరిన పిదప పీఠము అడుగున పదార్థమును పరచవలెను. బోల్టు తల క్రిందను కొంత చుట్టవలెను. బిగించునప్పుడు పైనున్నవారు బోల్టును కదలనీయక పట్టియుండగా క్రిందివారు నట్టును మాత్రమే త్రిప్పవలెను. బోల్టు తిరిగినచో దాని చుట్టు ఏర్పడిన ముద్ర తెగిపోవును. పీఠము చుట్టు నలువైపుల సీలెంటు సమముగ పిండబడి కనిపించినంతనే ఆగవలెను. నీరు లోనికి చేరినచో కొయ్యకే గాక బోల్టునకును హాని కలదు. స్టెయిన్‌లెస్ ఉక్కును కాపాడునది దానిపై ప్రాణవాయువుతో నిత్యము ఏర్పడుచుండు పలుచని పొర. గాలి సోకని ఇరుకున నిలిచిన ఉప్పునీటిలో ఆ పొర మరల కట్టక, పైకి మెరయుచున్న బోల్టు నడుమ తినివేయబడి ఒకనాడు తటాలున విరుగును. చైన్‌ప్లేటు బోల్టునకు ఇట్లు జరిగినచో తెరచాప స్తంభమే కూలవచ్చును.

పాలీయురిథేన్ వాడునప్పుడు చేతితొడుగులు వేసికొనవలెను, గాలి బాగుగ ఆడుచోట పని చేయవలెను. ఐసోసయనేటు ఆవిరి కొందరిలో ఉబ్బసమును రేపును, ఒకసారి పడకపోయిన దేహమునకు మరల అది స్వల్పముగ సోకినను బాధించును. ఇదివర కెవరో అంటించిన శాశ్వత సంధిని విప్పవలసివచ్చినచో బలప్రయోగము చేయరాదు. వేడిగాలి తుపాకితో లోహమును మెల్లగ వేడిచేసినచో జిగురు మెత్తబడును, అధికమైనచో గెల్‌కోట్ మాడును. ఆ సందులో సన్నని ఉక్కుతీగను జొనిపి రెండు కొనలను పట్టి రంపము వలె లాగుచు అంగుళమంగుళము కోయుట సురక్షితము. జిగురును సడలించు ద్రావకములు విపణిలో కలవు గాని వానికి గంటలకొలది ఓపిక పట్టవలెను.

నీటిమట్టము క్రింది సంధులను క్రొత్తగ అమర్చిన నావను నీటిలోనికి దించిన దినమున ఎవ్వరును తొందరపడి ఒడ్డునకు పోరాదు. అరవై సెంటీమీటర్ల లోతున ముప్పది యెనిమిది మిల్లీమీటర్ల గొట్టమొకటి ఊడినచో నిమిషమునకు నూరు లీటర్లకు పైగా నీరు లోనికి దూకును. క్రేను పట్టీలు నావ అడుగునుండి తొలగింపబడక మునుపే లోపలికి దిగి, ప్రతి కవాటపు మొదలును పొడిగుడ్డతో తుడిచి, దాని చుట్టు పలుచని కాగితమును చుట్టి, అరగంట ఆగి, కాగితము తడిసినదేమో చూడవలెను. తడిసినచో పట్టీలతోనే నావను మరల పైకెత్తించి సంధిని క్రొత్తగ చేయవలెను. తడియనిచో ఆ సాయంకాలము ఒకమారు, మరునాటి ఉదయము ఒకమారు అదే పరీక్షను మరల చేయుదురు. ప్రతి కవాటము ప్రక్కనను దానికి సరిపడు మెత్తని కొయ్య బిరడా యొకటి త్రాటితో కట్టియుంచి, ఆ పిదపనే తెరచాప ఎత్తుదురు.